పరారీ అని రాసిందెవరు?

నిజాంసాగర్ కాలువల వెంట ఉన్న ఊళ్లలో, గల్ఫ్ పోయివచ్చినవాళ్ల నోట తరచుగా వినపడే మాట ఒకటి ఉంది: కల్లివెల్లి. అరబ్బీలో దానికి 'పోనీ, వదిలెయ్' అని అర్థం. మన పల్లెల్లోకి వచ్చేసరికి ఆ అర్థం మారిపోయింది. యజమాని చేతిలోంచి బయటపడి, చేతిలో కాగితం లేకుండా, పోలీసుల కంటపడకుండా ఎక్కడో పని వెతుక్కుని బతుకుతున్న మనిషి కల్లివెల్లి. కొడుకు కల్లివెల్లి అయ్యాడని చెప్పే తల్లి గొంతులో భయం ఉంటుంది. కాని వాడు నేరం చేశాడన్న సిగ్గు ఉండదు. వాడు ఎందుకు పారిపోయాడో ఆమెకు తెలుసు.

ప్రభుత్వాల రిజిస్టర్లకు అది తెలియదు. వాటిలో ఆ మనిషికి ఉన్న పేరు ఒకటే: పరారీ. ఆ మాట రాసిందెవరు? ఎవరి మాట విని రాశారు? ఏ సంగతి రాయకుండా వదిలేశారు? పోలీసు రికార్డులు, వలస కార్మికుల నిర్బంధం, నాలుగు గోడల మధ్య ఆడవాళ్లమీద సాగే హింస వేరువేరు సమస్యలని, వేరువేరు శాఖలు చూసుకోవలసిన విషయాలని మనకు అలవాటుగా చెబుతుంటారు. పారిపోయిన మనిషి చరిత్రను పట్టుకుని నడిస్తే ఈ మూడూ ఒకే చోట కలుస్తాయి.

1

తెలుగువాళ్లు కూలికోసం సముద్రం దాటిన తొలిరోజులలోనే ఈ ప్రశ్న పుట్టింది. బ్రిటిషు వలసలలో బానిసత్వం రద్దయ్యాక మారిషస్ చెరకుతోటల యజమానులకు చవక కూలీలు కావలసివచ్చారు. 1834 నుంచి ఓడలమీద భారతీయ కూలీలను దింపుకోవడం మొదలుపెట్టారు. 1843లో కాకినాడ దగ్గరి కోరింగ రేవునుంచి 'కోరింగా పాకెట్' అనే ఓడ తెలుగు కూలీలను మారిషస్‌కు మోసుకుపోయింది. కోరింగ రేవు పేరే అక్కడి తెలుగువాళ్లకు జాతిపేరయింది.

వాళ్లు సంతకం పెట్టిన ఒడంబడికలో ఒక కిటుకు ఉంది. యజమాని కూలి ఎగ్గొడితే అది సివిల్ తగాదా. కూలీ పనిలోకి రాకపోతే అది నేరం. ఒకరోజు రాకపోతే రెండురోజుల కూలి కోసేవాళ్లు. దానికి 'డబుల్ కట్' అని పేరు. తోట వదిలి వెళ్లినవాడు పరారీ. పనిలేకుండా రోడ్డుమీద కనబడ్డవాడు దేశదిమ్మరి. వాళ్లను పట్టి ఉంచటానికి గ్రాండ్ రివర్ దగ్గర ప్రత్యేకంగా ఒక నిర్బంధకేంద్రం నడిపారు.

1867లో వచ్చిన చట్టం ఈ యంత్రాంగాన్ని పూర్తిచేసింది. ఒడంబడిక గడువు ముగిసి స్వతంత్రుడైన కూలీకూడా తన ఫొటో అంటించిన టిక్కెట్టు, పోలీసులు ఇచ్చిన పాసు ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి. ఒక జిల్లాకు ఇచ్చిన పాసుతో మరో జిల్లాలో దొరికితే అరెస్టు. పాసు ఇంట్లో మరిచిపోతే అరెస్టు. ఫొటోగ్రఫీ ఇంకా ధనికుల ముచ్చటగా ఉన్న రోజులలోనే కూలీల ముఖాలకు కెమెరా పెట్టింది పోలీసు అవసరం.

ఆ టిక్కెట్టుమీద పేరుంది, తండ్రిపేరుంది, నంబరుంది, ముఖముంది. అతని కూలి ఎన్ని నెలలు బాకీ ఉందో లేదు. సర్దారు ఎన్నిసార్లు కొట్టాడో లేదు. అతని భార్యను తోటలో ఎవరు ఏం చేశారో లేదు.

1871లో మారిషస్‌లో పాత కూలీలు 9,401 మంది తమ బాధలు చెబుతూ గవర్నరుకు మహజరు పెట్టుకున్నారు. దాన్ని తయారుచెయ్యడానికి సాయపడిన అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే యూరోపియన్‌మీద తోటల యజమానులు కత్తిగట్టారు. కాని ఆ మహజరును తొక్కిపెట్టటం సాధ్యం కాలేదు. 1872లో రాయల్ కమిషన్ వచ్చింది. పాసు చట్టం పేరుతో పోలీసులు సాగించిన వేటను దాని నివేదిక బయటపెట్టింది. గమనించవలసింది ఇది: ప్రభుత్వం దగ్గర కూలీలమీద గుట్టలకొద్దీ రికార్డు ఉంది. అయినా ఆ రికార్డులోంచి ఒక్క నిజం బయటికి రాలేదు. కూలీలు తమ కథ తామే కాగితంమీద పెట్టినరోజున మాత్రమే వచ్చింది.

ఫిజీలో కథ ఇంకో మలుపు తీసుకుంది. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా తెలుగు, తమిళ కూలీలను ఆ దీవులకు కూడా పంపారు. 1912లో అక్కడ కుంతి అనే ఉత్తరాది కూలీ స్త్రీ తనమీదికి వచ్చిన ఓవర్‌సీరునుంచి తప్పించుకోవడానికి నదిలోకి దూకింది. ఆమె కథ మరుసటి సంవత్సరం భారతదేశపు పత్రికకెక్కింది. దేశమంతా అలజడి రేగి, భారత ప్రభుత్వం విచారణ కోరవలసివచ్చింది. ఫిజీ అధికారులు విచారించి తేల్చిందేమిటి? ఆమె చెప్పింది అబద్ధమని! ఓవర్‌సీరును విచారించవలసినవాళ్లు కుంతిని విచారించారు. 1917లో కూలీల ఎగుమతి ఆగింది. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒడంబడికలు రద్దయ్యాయి. దానికి కారణం ఆ విచారణ కాదు. ఆ విచారణను నమ్మని జనం.

2

సముద్రం దాటనివాళ్ల సంగతి మేలుగా లేదు. నిజాం రాజ్యంలో దొరల గడీలదీ ఇదే న్యాయం. అప్పుకింద జీతానికి కుదిరిన భగేలాకు ఆ అప్పు తీరేదికాదు, తండ్రినుంచి కొడుకుకు సంక్రమించేది. పారిపోయిన జీతగాడిని వెతికి పట్టుకొచ్చేది పోలీసు పటేలు. అప్పు లెక్క రాసేది దొర గుమాస్తా. గడిలోపల ఆడబాప ఉండేది. దొర కూతురుకు పెళ్లయితే పెట్టెలతో, పశువులతోపాటు ఆమెనుకూడా అత్తవారింటికి పంపేవారు. ఆడబాపమీద జరిగిన హింసకు ఏ రికార్డూ లేదు. ఎందుకంటే అది 'ఇంటి విషయం'.

1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాలకు హద్దులు పెడుతూ చట్టం చేసింది. దాన్ని అమలుపరచవలసినవాళ్లు గడి అరుగులమీద కూర్చునే పటేలు పట్వారీలే కాబట్టి అది కాగితంమీదే మిగిలింది. వెట్టిని విరిచింది ఆ చట్టం కాదు, తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దేశమంతటికీ వర్తించేలా రావటానికి 1976 దాకా ఆగవలసివచ్చింది.

అదే నిజాం ప్రభుత్వం మంజీర మీద పెద్ద ఆనకట్ట కట్టింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ రూపకల్పనలో 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింద సుమారు 2.75 లక్షల ఎకరాలకు నీరివ్వాలని లెక్క. జలాశయం కోసం సుమారు 40 గ్రామాలు ఖాళీ అయ్యాయి. కాలువల కింద చెరకు పెరిగింది. బోధన్‌లో 1937లో చక్కెర ఫ్యాక్టరీ లేచింది. ఈ ప్రాంతపు కూలీకి పని దొరుకుతుందన్న నమ్మకం కలిగింది.

ఆ నమ్మకం ఎంతోకాలం నిలవలేదు. సాగర్‌లో పూడిక పేరుకుంది. మొదట 29 టి.ఎం.సి.లు పైబడి పట్టిన జలాశయం అందులో సగం కూడా పట్టని స్థితికి చేరడంతో గేట్ల ఎత్తు పెంచవలసి వచ్చింది. ఎగువన సింగూరు కట్టి మంజీర నీటిని హైదరాబాదు నగరానికి తరలించారు. కాలువ చివరి పొలాలకు నీరందక రైతు బోరుబావులకు అప్పు చేశాడు. 2002లో చక్కెర ఫ్యాక్టరీ ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాలలో కట్టడాలు మొదలయ్యాక, ఏజెంటు ఊళ్లోకి వచ్చినప్పుడు అతని మాట వినడానికి సిద్ధంగా ఉన్న జనం ఇక్కడ ఉన్నారు. ఆ సిద్ధపాటును తయారుచేసింది దుబాయి షేకు కాదు, ఇక్కడి పాలకులే.

3

గల్ఫ్‌లో పనివాడిని కట్టిపడేసే తాడుకు కఫాలా అని పేరు. పనికి పిలిపించుకున్న యజమాని కఫీల్. వీసా అతని పేరుతో ముడిపడి ఉంటుంది. పాస్‌పోర్టు అతని బీరువాలో ఉంటుంది. మనవాళ్లు అఖామా అనే గుర్తింపుకార్డు అతని దయమీద చెల్లుతుంది. సౌదీ అరేబియాలో పనివాడు పని వదిలి వెళ్లాడని కఫీల్ ఫిర్యాదు నమోదు చేస్తే దాన్ని 'హురూబ్' అంటారు. ఆ నమోదుతో అఖామా చెల్లకుండా పోవచ్చు. ఆ తర్వాత అతను దొరికితే 'తర్హీల్', అంటే దేశంనుంచి పంపేవరకు పెట్టే నిర్బంధకేంద్రం. వేలిముద్రలు తీసుకుని, మళ్లీ రాకుండా నిషేధం వేసి పంపుతారు.

ఇక్కడ మారిషస్ టిక్కెట్టును ఒక్కసారి గుర్తుచేసుకోవాలి. హురూబ్ అనేది పోలీసు రికార్డు. దాన్ని రాసేది పోలీసు కాదు, యజమాని. జీతం ఆరునెలలు ఎగ్గొట్టిన కఫీల్ కూడా రాయవచ్చు. పనివాడు కోర్టుకు పోతాడేమోనని ముందుగానే రాయవచ్చు. దాన్ని కాదని నిరూపించవలసిన భారం భాష రాని, పాస్‌పోర్టు లేని పనివాడిది. రాజ్యం తన కలాన్ని యజమాని చేతికిచ్చి, అతను రాసినదాని కింద ముద్ర మాత్రం వేస్తుంది. గడి గుమాస్తా చేసిన పని ఇప్పుడు కంప్యూటరు చేస్తున్నది.

2013లో సౌదీ ప్రభుత్వం నితాకత్ నిబంధనల కింద కాగితాలు లేనివాళ్లకు గడువిచ్చినప్పుడు లక్షకు పైగా భారతీయులు తిరిగివచ్చారు. 2018లో యు.ఎ.ఇ., కువైట్ ప్రభుత్వాలు ఇటువంటి 'క్షమాభిక్ష' ప్రకటించాయి. ఈ మాటనే పరిశీలించండి. క్షమించవలసిన నేరం ఎవరిది? జీతం రాక బయటపడ్డవాడిదా, జీతం ఇవ్వనివాడిదా? చేతిలో ఔట్‌పాస్ పట్టుకుని శంషాబాద్‌లో దిగినవాడికి రాని జీతం లెక్క ఆ ఔట్‌పాస్‌లో ఉండదు.

4

ఆడవాళ్ల విషయంలో ఈ తాడు ఇంకా బిగుసుకుంటుంది. కడప, గోదావరి జిల్లాలనుంచి, తెలంగాణనుంచి ఇంటిపనికి పోయే స్త్రీ 'ఖద్దామా' వీసామీద పోతుంది. ఆమె పనిచేసే చోటు ఫ్యాక్టరీ కాదు, ఇల్లు. ఇల్లు కాబట్టి చాలాకాలం కార్మిక చట్టాలు గుమ్మందగ్గరే ఆగిపోయాయి. ఇంటిపనివాళ్ల కోసం కువైట్ 2015లోను, యు.ఎ.ఇ., ఖతార్ 2017లోను చట్టాలు చేశాయి. కాని 2021లో సౌదీ ప్రభుత్వం ఉద్యోగం మారే విషయంలో కొన్ని సడలింపులు తెచ్చినప్పుడు ఇంటిపనివాళ్లను వాటికి బయటే ఉంచింది.

ఆ ఇంట్లో ఆమెను కొడితే? అన్నం పెట్టకపోతే? యజమానో అతని కొడుకో మీదపడితే? ఆమెకు మిగిలిన దారి తలుపు తీసుకుని పరిగెత్తటం. గడప దాటిన మరుక్షణం ఆమె పరారీ. కొట్టటం గోడల లోపల జరుగుతుంది, దానికి సాక్ష్యం లేదు. పారిపోవటం గోడల బయట జరుగుతుంది, దానికి రికార్డు ఉంది. బాధితురాలు నిందితురాలిగా మారటానికి ఒక గడప దూరం చాలు. ఇంటిలోని హింస, పోలీసు రికార్డు, వలస నిర్బంధం ఒకే మనిషి ఒంటిమీద ఒకే రోజున కలిసేది ఇక్కడే.

మన ప్రభుత్వం ఏం చేసింది? 30 ఏళ్లు నిండని స్త్రీలను ఇంటిపనికి పంపరాదని నిబంధన పెట్టింది. 2016లో ఇంటిపని స్త్రీలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని నిర్ణయించింది. వినడానికి ఇవి రక్షణలే. కాని ఆకలికి వయోపరిమితి లేదు. దారి మూసినచోట ఏజెంటు దొడ్డిదారి తెరుస్తాడు, విజిట్ వీసా చేతిలో పెడతాడు. అలా పోయిన స్త్రీ ఇక్కడ బయలుదేరినప్పుడే చట్టం బయట ఉంటుంది. ఆపద వచ్చినప్పుడు తన ప్రభుత్వాన్ని అడగడానికి కూడా ఆమె భయపడుతుంది. స్త్రీని ఆపడమే స్త్రీని కాపాడడమని అనుకునే పితృస్వామ్యపు తెలివి ఇది. ఏజెంటు విషయానికి వస్తే, 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం రాసిపెట్టిన శిక్ష రెండేళ్ల వరకు జైలు, రెండువేల రూపాయల వరకు జరిమానా. ఒక్క వీసా అమ్మితే వచ్చే లాభం ముందు ఆ జరిమానా ఎంత?

5

పరాయిదేశపు పోలీసును, షేకును తిట్టి ఊరుకోవటం సులువు. అందుకే ఈ అద్దాన్ని మనవైపు తిప్పుకోవాలి.

1978 మార్చి చివర హైదరాబాదులో రమీజాబీ అనే పేద స్త్రీని, రిక్షా కార్మికుడైన ఆమె భర్త అహ్మద్ హుస్సేన్‌ను రాత్రిపూట పోలీసులు పట్టుకున్నారు. నల్లకుంట పోలీసుస్టేషనులో ఆమెపై అత్యాచారం జరిగింది. అడ్డుపడిన భర్తను కొట్టగా అతను చనిపోయాడు. జనం శవంతో స్టేషనుముందుకు వచ్చారు. కాల్పులు, కర్ఫ్యూ, తర్వాత జస్టిస్ ముక్తదర్ కమిషన్. కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదన ఏమిటి? ఆమె వ్యభిచారిణి అని, ఆ పెళ్లి పెళ్లే కాదని! కుంతికి 1913లో ఎదురైనదే 65 ఏళ్ల తర్వాత రమీజాబీకి ఎదురయింది. నేరం స్టేషనులో జరిగితే విచారణ ఆమె శీలంమీద నడిచింది. ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చింది. కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు బదిలీ అయి, 1981లో నిందితులు నిర్దోషులుగా విడుదలయ్యారు.

అయితే ఆ పోరాటం వృథా కాలేదు. రమీజాబీ కేసు, మథుర కేసులో 1978 నాటి సుప్రీంకోర్టు తీర్పు రేపిన ఆగ్రహం కలిసి 1983లో అత్యాచార చట్టాన్ని మార్పించాయి. పోలీసు నిర్బంధంలో జరిగిన అత్యాచారం విషయంలో తాను అంగీకరించలేదని స్త్రీ చెబితే కోర్టు దాన్ని నమ్మి మొదలుపెట్టాలన్న నియమం వచ్చింది. అదే సంవత్సరం 498-ఎ వచ్చి, భర్త, అత్తింటివారు పెట్టే హింస నేరమయింది. బాధితురాలి శీలాన్ని తవ్వడానికి వీలిచ్చిన సాక్ష్యచట్టపు క్లాజు మాత్రం 2003 దాకా బతికే ఉంది.

2005 నాటి గృహహింస చట్టం మరో అడుగు వేసింది. దాని కింద రక్షణాధికారి బాధితురాలు చెప్పింది విని ఒక నివేదిక నింపాలి. ఇల్లనే కోటలో ఏం జరిగిందో స్త్రీ నోటిమాటగా ప్రభుత్వ కాగితంమీద నమోదుచేసే ఏర్పాటు అది. అయితే ఆ చట్టం రక్తసంబంధం, వివాహం, దత్తత, వివాహంవంటి సహజీవనం, ఉమ్మడి కుటుంబం వరకే వర్తిస్తుంది. అదే ఇంట్లో అంట్లు తోమే మనిషి దాని పరిధిలోకి రాదు. ఇంటిపనివాళ్ల హక్కులపై 2011లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడికను భారత ప్రభుత్వం ఆమోదించలేదు. తన దేశపు వంటింట్లో పనిమనిషికి ఇవ్వని హక్కును రియాద్ వంటింట్లో మన ప్రభుత్వం ఏ నోటితో అడుగుతుంది?

6

జవాబుదారీతనం అన్న మాట ఇప్పుడు ప్రతి పాలకుడి ఉపన్యాసంలోను వినపడుతున్నది. దానికి ఒక ఖచ్చితమైన అర్థం ఇవ్వాలి. విదేశీ జైళ్లలో ఎంతమంది భారతీయులున్నారని పార్లమెంటులో అడిగితే ప్రభుత్వం దేశాలవారీ అంకెలు చదువుతుంది. చాలా దేశాలు గోప్యతా చట్టాలవల్ల ఖైదీ అంగీకారం లేకుండా వివరాలు ఇవ్వవని కూడా చేరుస్తుంది. 1963 నాటి వియన్నా ఒడంబడిక 36వ అధికరణం ప్రకారం, నిర్బంధంలో ఉన్న విదేశీయుడు కోరితే ఆ సంగతి అతని దేశపు కాన్సులేటుకు తెలపాలి. కోరవచ్చునని అతనికి చెప్పాలి కూడా. కుల్‌భూషణ్ జాదవ్ కేసులో భారత ప్రభుత్వం ఇదే అధికరణంమీద అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లి 2019లో గెలిచింది. ఆ పట్టుదలలో పదోవంతు కల్లివెల్లి కూలీ విషయంలో చూపితే చాలు.

దుబాయిలో 2005లో జరిగిన హత్య కేసులో శిక్షపడ్డ సిరిసిల్ల ప్రాంతపు కార్మికులు ఇల్లు చేరింది 2024లో. వాళ్ల పిల్లలు తండ్రులను చూడకుండానే పెద్దవాళ్లయ్యారు. శిక్షపడ్డ ఖైదీలను స్వదేశానికి మార్చుకునే ఒప్పందం యు.ఎ.ఇ.తో 2011లోనే కుదిరింది. ఒప్పందం అల్మారాలో ఉంది, మనిషి జైలులో ఉన్నాడు.

2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. అది కార్మికులు, వాళ్ల సంఘాలు ఏళ్లతరబడి అడిగి సాధించుకున్నది. శవపేటిక దిగినప్పుడు జవాబు చెప్పటం నేర్చుకున్న ప్రభుత్వం, బతికున్న మనిషి తర్హీల్‌లో ఉన్నప్పుడు కూడా చెప్పటం నేర్చుకోవాలి. పరారీ అని రాసిన ప్రతి రికార్డు పక్కన ఎందుకు పారిపోయాడో, ఎందుకు పారిపోయిందో ఆ మనిషి మాటల్లో రాసిన మరో రికార్డు ఉండాలి. ఔట్‌పాస్ ఇచ్చే అధికారి రావలసిన జీతం ఎంతో అడిగి రాయాలి. ఒంటిమీది దెబ్బలు చూసి రాయాలి. ఆ కాగితం నకలు జిల్లా కలెక్టరు కార్యాలయానికి చేరాలి, ఏజెంటుమీద కేసుకు అది ఆధారం కావాలి. దీనికి కొత్త తత్వశాస్త్రం అక్కరలేదు. యజమాని మాటతోపాటు పనిమనిషి మాట కూడా సాక్ష్యమేనని ఒప్పుకుంటే చాలు.

మారిషస్‌లో కూలీలను పట్టుకోవడానికి తయారైన ఆ రిజిస్టర్లు, ఫొటోలు ఇప్పుడు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. 2015లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. మునిమనవలు వచ్చి ఆ పుటల్లో తమ ముత్తాత ముఖం వెతుక్కుంటున్నారు. ముఖం దొరుకుతుంది. అతను ఏమన్నాడో దొరకదు.

మన జిల్లాలోనే మరో రికార్డు ఉండేది. నిజాం ప్రభుత్వం ఇందూరు ఖిల్లా జైలులో బంధించినప్పుడు దాశరథి బొగ్గుముక్కతో గోడలమీద పద్యాలు రాశాడు. జైలరు దగ్గర రిజిస్టరు ఉంది. ఖైదీ దగ్గర బొగ్గు ఉంది. ఇందూరు జైలు గురించి ఈనాడు మనకు గుర్తున్నది జైలరు రాసింది కాదు. కల్లివెల్లి కూలీకి ఆ గోడకూడా దొరకలేదు. అతని మాటను, తలుపు తీసుకుని పరిగెత్తిన ఆమె మాటను వాళ్లు బతికుండగానే రాసుకోవటం, రాయించటం రచయితలుగా మన పని. మిగతా జవాబు ప్రభుత్వం చెప్పాలి.